దారి విస్తరి

అనగనగా మోదుగకోన అని ఒక రాజ్యం. దానికో రాజు. రాజ్యం నిండా కొండలు, కొండల నిండా మోదుగ చెట్లు. ఫాల్గుణ మాసం వచ్చిందంటే ఆకులన్నీ రాలిపోయి, కొండలకి నిప్పంటుకుందా అన్నట్టు ఎర్రటి పూలు పూసేవి. రాజుగారి పేరు మల్లభూపతి. ఆయనకి ముగ్గురు కొడుకులు. ముగ్గురి పేర్ల చివరా కేతు అని ఉంటుంది, అది వాళ్ళ వంశాచారం. రెండోవాడు భానుకేతు, మూడోవాడు మణికేతు. మరి పెద్దవాడి పేరేమిటంటారా? అది ఇప్పుడు చెప్పను. ఎందుకు చెప్పనో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేదర్రా. ఇంట్లోంచి ఎవరైనా ప్రయాణం మీద వెళ్ళారనుకోండి, వాళ్ళు తిరిగొచ్చేదాకా రోజూ దీపాలు పెట్టే వేళకి వాళ్ళ కోసం ఒక విస్తరి వేసి, నీళ్ళు చిలకరించి, ముందు అందులో వడ్డించేవాళ్ళు. వీధి తలుపు తీసి, గుమ్మంలో నిలబడి, వెళ్ళినవాళ్ళని పేరు పెట్టి పిలిచి, "రా, అన్నం చల్లారిపోతోంది" అనేవాళ్ళు. దాన్ని దారి విస్తరి అనేవాళ్ళు. చనిపోయినవాళ్ళకి పెట్టేది కాదు సుమండీ, రావలసినవాళ్ళకి పెట్టేది. అలా పిలుస్తుంటే వాళ్ళు ఎంత దూరాన ఉన్నా కాలు ఇంటివైపే లాగుతుందని నమ్మకం.

మరి ఆ అన్నం ఎవరు తింటారు? ఆ వేళకి గుమ్మంలోకి ఎవరొస్తే వాళ్ళే. బిచ్చగాడు రావచ్చు, బాటసారి రావచ్చు, కాకి రావచ్చు. ఆ విస్తరి మీద తిన్నవాళ్ళు ఆ ఇంటి బిడ్డ కింద లెక్క. చెయ్యి కడుక్కున్నాక వాళ్ళు ఏదైనా ఒక్కటి అడగవచ్చు, ఇంటివాళ్ళు కాదనకూడదు. ఏమడుగుతారులెండి పాపం, ఓ పాత కంబళో, ఓ చెంబుడు మజ్జిగో. ఎప్పటినించో అలాగే జరిగిపోతూ ఉంది.

ఒక ఏడాది వానలు దంచేసి సరిహద్దులో గట్టు తెగింది. పెద్ద రాకుమారుడు ఆ గట్టు వేయించడానికి వెళ్ళాడు. పెద్దవాడికీ చిన్నవాడికీ ప్రాణం ప్రాణం. పెద్దవాడు గోంగూరలో ఉల్లిపాయ ముక్కలు వేసి అన్నం కలిపి మూడు ముద్దలు చేసేవాడు. "ఇది నాకు, ఇది నీకు, ఇది దారినపోయేవాళ్ళకి" అనేవాడు. దారినపోయేవాళ్ళ ముద్ద కూడా చివరికి చిన్నవాడి నోట్లోకే వెళ్ళేది. అలాంటి అన్న ఊళ్ళో లేకపోతే చిన్నవాడికి అన్నం సయిస్తుందా? రోజూ దీపాల వేళకి వాడే గుమ్మంలో నిలబడి పిలిచేవాడు.

అలా పిలుస్తుంటే ఒకరోజు ఒక సాధువు వచ్చాడు. నీలంగా మెరిసే జడలు, మెత్తటి మాట. పేరు నీలజటి. విస్తరి ముందు కూర్చుని, మెతుకు మిగల్చకుండా తిని, త్రేన్చి, "మహారాజా, నేను ఇప్పుడు నీ బిడ్డను కదా. పెద్ద కోరికేం లేదు. నా దగ్గర చిలకలున్నాయి. ఇంటికో చిలక చొప్పున పంచుతాను, దూలానికి ఒక చిన్న ఊచ కట్టించు, చాలు" అన్నాడు.

చిలకలంటే ఎవరికి చేదు? రాజుగారు సరేనన్నారు. ఇంటింటికీ చిలక వచ్చింది. ముసలివాళ్ళకి కాలక్షేపం, పిల్లలకి ఆట. "నీకు జామపండు పెడతా, నీకు జామపండు పెడతా" అని అందరూ ఎగబడ్డారు. ఆ చిలకలు పండు తినేవి కావు. ఊరికే తల పక్కకి వాల్చి వినేవి. అది ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు చిలకలన్నీ ఒకేసారి "దొంగలు, దొంగలు" అని అరవడం మొదలెట్టాయి. ఎక్కడ దొంగలు? ఎవరూ చూడలేదు. అయినా అన్ని చిలకలు అబద్ధం చెబుతాయా? ఆ సాయంత్రం నీలజటి మళ్ళీ వచ్చి, మళ్ళీ ఆ విస్తరి మీదే తిని, "దీపాల వేళకి వీధి తలుపులు మూయించు మహారాజా, జనం మంచికే" అన్నాడు. రాజుగారు సరేనన్నారు. రాజ్యంలో తలుపులన్నీ మూతపడ్డాయి.

మూడోరోజు చిలకలు "శత్రువు, శత్రువు" అన్నాయి. కోట తలుపు తనకోసం తీయించుకుని నీలజటి మూడోసారి తిన్నాడు. "నీ ముద్ర ఉంగరం ఇయ్యి. ఎల్లకాలానికీ కాదు, ప్రమాదం గడిచేదాకా" అన్నాడు. రాజుగారు ఉంగరాన్ని వేలి మీదే అటూ ఇటూ తిప్పారు. కానీ ఆచారం ఆచారమే కదా, బిడ్డ అడిగితే కాదనకూడదు. ఉంగరం తీసి ఇచ్చేశారు. గడవడానికి అక్కడ ప్రమాదమే లేదు, మరి గడిచేదెప్పుడు?

ఆ తరవాత పెద్దవాడు వచ్చాడు. కాళ్ళ నిండా గట్టు బురద. కూర్చుని అన్నం కలిపి, మూడు ముద్దలు చేసి, రెండోది తమ్ముడి చేతిలో పెడుతూ తండ్రి చెయ్యి చూశాడు.

"నాన్నగారూ, ఉంగరం ఏది?"

రాజుగారు తల దించుకున్నారు. దూలం మీది చిలక తల పక్కకి వాల్చింది.

తెల్లారేసరికి పెద్దవాడి పక్క ఖాళీ. పొద్దెక్కాక వీధిలో చాటింపు. "ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మహారాజుగారికి ఇద్దరే కుమారులు. ఇంకొకడు అనేవాడు ఎన్నడూ లేడు. ఉన్నాడన్నవాళ్ళు కూడా ఉండరు."

మణికేతు పరుగెత్తుకుంటూ గుమ్మంలోకి వెళ్ళి అన్నని గట్టిగా పిలుద్దామని నోరు తెరిచాడు. పేరు రాలేదు. నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఇంట్లోని చిలక ఆ పేరు మింగేసిందర్రా. ముఖం గుర్తుంది, బురద కాళ్ళు గుర్తున్నాయి, ముద్ద గుర్తుంది, పేరు లేదు. మహారాణి గారయితే కిటికీ దగ్గర కూర్చుని "కేతూ, కేతూ" అంటుండేది. చివర కేతు అని ఉంటుందని తెలుసు. ముందేముందో కన్నతల్లికి తెలియదు.

నేను పేరు ఎందుకు చెప్పలేదో తెలిసిందా? నాకు మాత్రం ఎలా తెలుస్తుంది, పేరు ఇంకా దొరకందే.

ఇక అక్కణ్ణించి ఏముంది. చిలకపచ్చ తలపాగాల భటులు వచ్చారు. రోజూ పొద్దున్నే జనమంతా కోటవైపు తిరిగి "నీలజటి చల్లగా ఉండాలి" అని ముమ్మారు అనాలి. గొంతు తగ్గిస్తే చిలక చెబుతుంది. గట్టు తెగిన పాట పాడిన జంగం దేవర, మర్నాటికి లేడు. "ఉంగరం ఎవరిది పంతులుగారూ" అని పిల్లవాడు అడిగితే "మహారాజుది నాయనా" అన్న పంతులు, మర్నాటికి లేడు. ఒక ముసలమ్మ నిద్రలో కొడుకుని కలవరించింది. పాపం ఆవిడ మనవరాలే ఆ చిలకకి ముద్దుగా మాటలు నేర్పింది. మర్నాటికి ముసలమ్మ లేదు. తప్పేమిటని అడిగేది లేదు, సాక్ష్యం లేదు, విచారణ లేదు. పక్కింటివాళ్ళు తలుపు సందులోంచి చూసి "మనకెందుకు" అనుకునేవాళ్ళు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు ఆ పక్కింటివాళ్ళూ అదే అనుకున్నారు.

దారి విస్తరి వేస్తే శిక్ష అన్నారు. రానివాళ్ళకి విస్తరి వేయడమంటే, వాళ్ళు ఉన్నారని ఒప్పుకున్నట్టు కదా.

మరి రెండోవాడు భానుకేతు ఏం చేశాడు? తలపాగా చుట్టుకున్నాడు. నీలజటి దండుకి నాయకుడయ్యాడు. ఏం, కోపమొచ్చిందా? ఆగండి.

మణికేతుకి ముద్ద దిగడం లేదు. ఇంట్లో పిలవడానికి లేదు, చిలక ఉంది. ఒకరోజు కొండెక్కి, ఎవరూ లేనిచోట మోదుగాకులు ఏరి విస్తరి కుట్టడానికి కూర్చున్నాడు. రాచబిడ్డకి విస్తరి కుట్టడం ఏం తెలుస్తుంది. ఒక పుల్ల గుచ్చితే రెండాకులు చిరిగాయి.

"చెట్టు మీద పగబట్టావా ఏం?" అని ఎవరో నవ్వారు.

చూస్తే ఒక అమ్మాయి. పేరు సింగారి. వాళ్ళమ్మ విస్తళ్ళు కుట్టి అమ్మేది. దారి విస్తరి వద్దన్నాక కూడా కుట్టింది, అందుకని తీసుకుపోయారు.

"నువ్వు రాజుగారబ్బాయివి కదూ" అంది సింగారి. "మీ నాన్న ఉంగరం ఇచ్చేశాడు. మీ రెండో అన్న కత్తి ఇచ్చేశాడు. నువ్వేం ఇచ్చావు?"

"నేనేం ఇవ్వలేదు. నోరు మూసుకున్నాను."

"అది తక్కువ దానమా?" అంటూనే పక్కన కూర్చుని, వాడి చేతిలోంచి ఆకులు లాక్కుని, చకచకా కుట్టి ముందు పడేసింది. మూటలోంచి పిడికెడు బియ్యం తీసి రాళ్ళపొయ్యి మీద వండింది. "వెయ్యి. మీ అన్నకీ మా అమ్మకీ కలిపి ఒకటే వెయ్యి. బియ్యం ఎక్కువ లేవు."

విస్తరి వేశారు. ఇద్దరూ ఇంటిదారి వైపు తిరిగి నిలబడ్డారు. పేర్లు రావు కదా. "అన్నయ్యా, రా, అన్నం చల్లారిపోతోంది" అన్నాడు వాడు. "అమ్మా, రావే, అన్నం చల్లారిపోతోంది" అంది ఆ పిల్ల.

ఒక ముసలి కాకి వచ్చి వాలింది. మెతుకులన్నీ ఏరుకు తిని, ముక్కు రాయికి రుద్దుకుని, "ఎన్నాళ్ళకి తిన్నానర్రా దారన్నం. ఇప్పుడు నేను మీ బిడ్డను. నా కోరికేమిటంటే, మీరు నా మాట వినాలి" అంది.

"చెప్పు తల్లీ" అన్నారు.

"ఏడు సముద్రాల అవతల రాళ్ళ దీవి ఉంది. తీసుకుపోయినవాళ్ళందరూ అక్కడ రాళ్ళయి నిలబడ్డారు. దీవి మధ్యన రాగి స్తంభం, స్తంభం మీద బంగారు పంజరం, పంజరంలో చిలక. నీలజటి ప్రాణం దాన్లో ఉంది. ఇళ్ళల్లో చిలకలు మింగిన పేర్లన్నీ కూడా దాని కడుపులోకే చేరతాయి. దానికి వచ్చిన మాట ఒక్కటే, 'ఎవరూ లేరు' అని. అది ఆ మాట అంటున్నంతకాలం రాయి రాయే."

ఇక ఆగుతారా? సింగారి విస్తళ్ళ కట్టా, బియ్యం మూటా, అన్నకిష్టమని మణికేతు అడిగిన గోంగూరా ఉల్లిపాయలూ నెత్తిన పెట్టుకుంది. కాకి ముందు, వాళ్ళిద్దరూ వెనక. నడిచారు, నడిచారు, కొండలు అయిపోయేదాకా నడిచారు. సముద్రం వచ్చింది. సాయంత్రమైంది. ఇసకలో విస్తరి వేసి పిలిచారు. ఈసారి నీళ్ళలోంచి ఒక తాబేలు వచ్చింది. ఎంత తాబేలనుకున్నారు, మన పాకంత ఉంది. తాపీగా తిని, "నేను మీ బిడ్డను. నా కోరికేమిటంటే, మీరు నా వీపు ఎక్కాలి. గుడ్డు పెట్టిన ఒడ్డుకి తిరిగి వెళ్ళడమంటే ఏమిటో నాకు తెలుసు" అంది.

ఎక్కారు. ఉప్పు సముద్రం దాటారు. చెరకు రసం సముద్రం దాటారు, కాకి మాత్రం రెండు గుక్కలు తాగి తూలింది. ఆ తరవాత నెయ్యిదో, పెరుగుదో, పాలదో, వరసలు నన్నడగకండి, మా పంతులుగారు చెప్పినప్పుడు నేను కిటికీలోంచి చూస్తున్నా. మొత్తానికి ఆరు దాటారు. ఒక్కొక్క సముద్రం దాటినప్పుడల్లా మణికేతు వెనక్కి తిరిగి చూసేవాడు. ఇల్లు కనబడేది కాదు. అయినా ఏ దిక్కున ఉందో ఒళ్ళు చెప్పేది.

ఏడో సముద్రం ముందర ఒక చిన్న తిప్ప ఉంది. అక్కడ ఆగి విస్తరి వేశారు. బియ్యం ఇక రెండు పిడికెళ్ళే ఉన్నాయి. ఒకటి వండి, పిలిచారు.

ఆకాశంలోంచి ఒక మంత్రపు తివాచీ దిగింది. దాని మీద పచ్చ తలపాగా, దూసిన కత్తి. ఎవరనుకున్నారు? భానుకేతు. నీలజటి పంపితే తమ్ముణ్ణి పట్టుకుపోవడానికి వచ్చాడు.

కత్తి పట్టుకుని వచ్చినవాడు విస్తరి చూసి ఆగిపోయాడు. గోంగూర వాసన. ఉల్లిపాయ ముక్కలు. ఎవరి కోసం వేశారో ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

సింగారి నడుం మీద చెయ్యి పెట్టుకుని అంది, "ఏం బావగారూ, ముందు బంధిస్తారా, ముందు భోంచేస్తారా? చెబితే దాన్ని బట్టి వడ్డిస్తాను."

బావగారూ అనగానే మణికేతు చెవులు ఎర్రబడ్డాయి. సరేలెండి, ఆ సంగతి తరవాత.

భానుకేతు కూర్చున్నాడు. ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడో ముద్ద తమ్ముడి వైపు చాపి ఏడ్చేశాడు. "భయమేసిందిరా తమ్ముడూ. మొదటిరోజు భయం. రెండోరోజు అలవాటు. మూడోరోజు ఉద్యోగం."

"అన్నయ్యని తీసుకెళ్ళింది నువ్వా?"

"నేను కాదు. తీసుకెళ్తుంటే మెలకువగా ఉన్నాను."

సింగారి విస్తరి ఎత్తుతూ, "తిన్నారు కదా, ఏదో ఒకటి అడగాలి" అంది.

"నన్ను కూడా రానివ్వండి" అన్నాడు భానుకేతు.

అందరూ కలిసి ఏడో సముద్రం దాటి రాళ్ళ దీవి చేరారు. ఒడ్డు పొడుగునా రాళ్ళు. మనిషెత్తు రాళ్ళు, పిల్లలంత రాళ్ళు, అన్నీ ఒకేవైపు తిరిగి ఉన్నాయి. ఎటువైపో చెప్పండి చూద్దాం. ఆ, మోదుగకోన వైపే. సాయంకాలం మోదుగకోనలో దీపాలు పెట్టే వేళయ్యేసరికి ఆ రాళ్ళు చెమ్మగిల్లేవట.

సింగారి ఒక రాయి దగ్గర ఆగిపోయింది. దాని వేళ్ళు ఈనెపుల్ల పట్టుకున్నట్టు వంగి ఉన్నాయి. నీళ్ళకి మరీ దగ్గరగా ఉండడం వల్ల అలలు కొట్టి కొట్టి, అది నడిమికి పగిలి ఉంది. ఆ పిల్ల అక్కడే కూర్చుని కొంగుతో దాని మీది ఉప్పు తుడవడం మొదలెట్టింది.

మణికేతు వెతికి వెతికి ఒక రాయి ముందు నిలబడ్డాడు. కుడి చెయ్యి ముద్ద పట్టుకున్నట్టు ఉంది. పాదాల మీద బురద, అది కూడా రాయయిపోయింది.

"జయకేతూ" అని పిలిచాడు. కదల్లేదు. "చంద్రకేతూ." కదల్లేదు. "వీరకేతూ." ఊహూఁ. ఎవరివో పేర్లు పెట్టి పిలిస్తే ఎవరు పలుకుతారర్రా.

అంతలో రాగి స్తంభం మీదినించి చిలక అంది, "ఎవరూ లేరు."

పిలిచినవాడికే ఆ మాట తగిలింది, మణికేతు పాదాలు రాయయిపోయాయి.

భానుకేతు బాణం ఎక్కుపెట్టాడు. "దాన్ని కొట్టేస్తే నీలజటి చస్తాడు. ఒక్క బాణం."

కాకి వాడి మణికట్టు మీద పొడిచింది. "పేర్లన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. అది చస్తే వాడూ చస్తాడు, వీళ్ళూ ఇలాగే ఉండిపోతారు. వాడి చావు కావాలా, మీవాళ్ళు కావాలా?"

"ఎవరూ లేరు" అంది చిలక. మణికేతు నడుందాకా రాయయ్యాడు.

అప్పుడు వాడు ఆ పంజరం వైపు సరిగ్గా చూశాడు. తలుపు తీసే ఉంది. చుట్టూ మణులు, మాణిక్యాలు. గింజ లేదు, పండు లేదు. పుట్టినప్పటినించీ దానికి తిండి జనం పేర్లే. రమ్మని పిలిచినవాళ్ళు లేరు.

"సింగారీ, ఆఖరి పిడికెడు వండు" అన్నాడు.

"అది మీ అన్నకి దాచింది."

"తెలుసు. వండు."

ఆ పిల్ల వండింది. అది ఉడికేలోగా చిలక ఆ మాట ఇంకోసారి అంది, రాయి మణికేతు గొంతుదాకా వచ్చింది. సింగారి ఆఖరి విస్తరి స్తంభం కింద పరిచి, నీళ్ళు చిలకరించి, వడ్డించింది. చిలక మళ్ళీ నోరు తెరిచి "ఎవరూ" అంటూండగానే, గొంతుదాకా రాయయిన మణికేతు, ఇంటి గుమ్మంలో నిలబడి అన్నని పిలిచినట్టే పిలిచాడు.

"దా తల్లీ, అన్నం చల్లారిపోతోంది."

చిలక ఆగింది. తల పక్కకి వాల్చింది.

"ఎవర్ని?"

"నిన్నే."

"నేనెవర్ని?"

"ఈ విస్తరి మీద తిన్నవాళ్ళు మా ఇంటి బిడ్డలు. ముందు తిను. మాటలు తరవాత."

చిలక స్తంభం మీదినించి దిగింది. అటు చూసింది, ఇటు చూసింది. ఒక మెతుకు తీసుకుంది. ఆ తరవాత చూడాలి దాని అవస్థ, ముక్కుకీ మూతికీ పులుముకుని, విస్తరి మీద ఎక్కి తొక్కుతూ తిన్నది. తిని, ఆయాసపడుతూ, "ఏదైనా అడగొచ్చా?" అంది.

"ఒక్కటి" అంది సింగారి.

"ఇన్ని పేర్లు మింగాను. నాకు పేరు లేదు. ఒకటి పెట్టండి."

సింగారి దాని ఎర్రటి ముక్కు చూసింది. "అచ్చం మా కొండ మీది పువ్వులా ఉన్నావు. నీ పేరు మోదుగ" అంది.

అంతే, నీలజటికి అక్కడ మోదుగకోనలో గుండె కలుక్కుమంది. సుడిగాలిలా ఏడు సముద్రాలూ దాటి వచ్చి దీవి మీద పడ్డాడు. జడలు విరబోసుకుని ఉన్నాయి. విస్తరి చూశాడు, ముఖం పాలిపోయింది. ఆ విస్తరి సంగతి వాడికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? మూడుసార్లు తిన్నవాడాయె.

"నా బంగారం, నా ప్రాణం" అన్నాడు గొంతు తియ్యగా చేసుకుని. "ఆ ఎంగిలి ఎందుకమ్మా నీకు. ఇటు చూడు. నీకు వచ్చిన మాట ఒక్కసారి అను, చాలు."

మోదుగ వాడివైపు తిరిగింది. కిందినించి పైకి చూసింది, పైనించి కిందికి చూసింది.

"ఎవరూ లేరు" అంది.

చూస్తే అక్కడ నిజంగానే ఎవరూ లేరు. ఇసకలో రెండు పాదాల గుర్తులున్నాయి. అల వచ్చి చెరిపేసింది. ముద్ర ఉంగరం మాత్రం రాళ్ళ మధ్య దొర్లింది.

మణికేతు గొంతు మెత్తబడింది, భుజాలు మెత్తబడ్డాయి, కాళ్ళు వచ్చాయి. మోదుగ ఎగిరి, ముద్ద పట్టుకున్నట్టున్న రాయి భుజం మీద వాలి, చెవిలో పిలిచింది.

"ఉదయకేతూ."

ఆ, అదే. ఉదయకేతు. ఇప్పుడు మీరూ అనండి. నేనూ కథ మొదలెట్టినప్పటినించీ నాలుక మీద పెట్టుకుని కూర్చున్నా.

"అన్నయ్యా, ఉదయకేతు అన్నయ్యా, రా, అన్నం చల్లారిపోతోంది" అన్నాడు మణికేతు.

రాయి కళ్ళు తెరిచింది. ఉదయకేతు తన చెయ్యి చూసుకున్నాడు. "ఒరేయ్, ఇక్కడ మూడో ముద్ద ఉండాలి. ఏదిరా?"

"ఇంట్లో ఉంది అన్నయ్యా" అన్నాడు చిన్నవాడు.

మోదుగ ఒక్కొక్క రాయి మీదా వాలింది. జంగం దేవర పేరు పిలిచింది, పంతులుగారి పేరు పిలిచింది, కొడుకుని కలవరించిన ముసలమ్మని పిలిచింది, ఆవిడ కొడుకునీ పిలిచింది. పిలిచిన ప్రతిసారీ అందరూ కలిసి "రా, అన్నం చల్లారిపోతోంది" అనేవారు. మోదుగకోనలో మూసిన తలుపుల వెనక ఉన్నవాళ్ళకి కూడా అప్పుడే పేర్లు గుర్తొచ్చి, తలుపులు తోసుకుని వీధుల్లోకి వచ్చారట. కిటికీ దగ్గర మహారాణి "ఉదయా" అని లేచి నిలబడిందట.

చివరికి మోదుగ పగిలిన రాయి మీద వాలింది. "అచ్చమ్మా" అంది.

సింగారి పిలిచింది. మళ్ళీ పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. పగిలిన రాయి లేవలేదు. అలాంటివి ఇంకా కొన్ని ఉన్నాయి ఆ ఒడ్డున. మాయ పోయినా, అలలు కొట్టింది ఎక్కడికి పోతుంది?

ఉదయకేతు ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి సింగారే లేచి, రాయి వేళ్ళ మధ్య ఒక ఈనెపుల్ల పెట్టింది. "పేరైనా దొరికింది. పేరు లేకుండా పిలవలేక చచ్చాను" అంది.

అందరూ తాబేలు మీదా, దాని చుట్టాల వీపుల మీదా ఎక్కి ఇంటికి వచ్చారు. మల్లభూపతి ఎదురొచ్చి పెద్దకొడుకు పాదాల బురద తన పంచెతో తుడిచాడు. మణికేతు దీవిలో దొరికిన ఉంగరం ఇవ్వబోతే తండ్రి వద్దన్నాడు. "నాకు కాదు, పెద్దవాడికి పెట్టండి. ఎవరు అడిగినా ఇవ్వకూడనిది ఒకటుంటుందని నాకు ముసలితనంలో తెలిసింది" అన్నాడు. ఉదయకేతు రాజయ్యాడు. దారి విస్తరి మీద తిన్నవాళ్ళు ఏదైనా అడగవచ్చు, కానీ పక్కవాడి తలుపూ, పక్కవాడి నోరూ, అందరికీ చెందిన ఉంగరమూ అడగకూడదని ఆచారానికి అంచు కట్టాడు.

భానుకేతు తలపాగా తీసేసి ఇంటింటికీ వెళ్ళి గుమ్మం బయట నిలబడ్డాడు. కొందరు పిలిచి పెట్టారు. కొందరు పెట్టలేదు. పెట్టనివాళ్ళ గుమ్మాల్లో కూడా రోజూ నిలబడేవాడు.

ఇక పెళ్ళి. లేకపోతే మీరు ఊరుకుంటారా. మణికేతుకీ సింగారికీ మోదుగ పూలు పూసే కాలంలో పెళ్ళయింది. భానుకేతుకి వడ్డిస్తూ, "ఇప్పుడు నిజంగా బావగారే" అంది సింగారి. రాజ్యమంతా బంతికి వచ్చింది. కానీ అందరికన్నా ముందు, పెళ్ళికూతురు తన చేత్తో కుట్టిన విస్తరి ఒకటి గుమ్మంలో వేసి, నీళ్ళు చిలకరించి, సముద్రం వైపు తిరిగి "అచ్చమ్మా, అమ్మా, రావే, అన్నం చల్లారిపోతోంది" అంది. తిరిగి రానివాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ అందరూ గట్టిగా పిలిచారు. మోదుగ వచ్చి ఆ విస్తరి మీద తిన్నది.

ఉదయకేతు చాలా ఏళ్ళు రాజ్యం చేశాడు. వానలు కురిశాయి, గట్లు నిలిచాయి. సింగారి బతికున్నన్నాళ్ళూ దీపాల వేళకి పిలుస్తూనే ఉంది. ఆ తరవాత వాళ్ళ పిల్లలు పిలిచారు. మోదుగకోనలో ఇప్పటికీ ఆ వేళకి తలుపులు వేయరట.

అదర్రా కథ. అది ఏడు సముద్రాలవతలికి వెళ్ళిపోయింది, మనం మాత్రం ఇక్కడే ఉన్నాం. ఆ వీధి తలుపు తీసే ఉంచండి. లేవండి, అన్నం చల్లారిపోతోంది.